తపసి బంక వెనక ఉన్న చరిత్ర

మన ఏజెన్సీ కొండల్లో, నల్లమలలో తెల్లటి బెరడుతో కనబడే తపసి చెట్టు మీకు తెలిసిందే. ఆకు రాలాక చిన్న చిన్న పసుపు పూలు పూస్తుంది. ఎండాకాలంలో బెరడు మీద గాటు పెడితే బంక కారుతుంది. నీళ్ళలో వేస్తే బాగా ఉబ్బుతుంది. తినే వస్తువుల్లో, మందుల్లో, కట్టుడు పళ్ళు అతికించే పొడిలో వాడతారు.

వెనకటికి ఈ బంకను షావుకార్లు ఉప్పుకీ గుడ్డకీ అయినకాడికి తీసుకునేవారు. తూకం వాళ్ళదే, రేటూ వాళ్ళదే. ఆ మోసం ఆపాలని 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ పెట్టారు. కొనేవాళ్ళు దొరికారు గానీ, గొడ్డలితో లోతుగా నరకడం వల్ల చాలా చెట్లు చచ్చిపోయాయి. తర్వాత చిన్న కత్తితో పైపైన గాటు పెట్టడం, బంకను శుభ్రమైన గుడ్డ మీద ఆరబెట్టడం నేర్పించారు. బెరడు ముక్కలు లేని తెల్ల బంకకే మొదటి రకం ధర.

2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక బంక లాంటి చిన్న తరహా అటవీ ఫలసాయం మీద హక్కు అడవిని నమ్ముకుని బతికేవాళ్ళదే. అయితే చెట్టే లేకపోతే హక్కు కాగితం ఏం చేసుకుంటాం? అందుకని గాటు మానేదాకా చెట్టును వదిలేద్దాం. ఏరిన బంకను సంఘంలో కలిపి, రకాలు వేరు చేసి, మన కళ్ళముందే తూకం వేయించి అమ్ముదాం.