చందా చరిత్ర: తెలుగునాట కేబుల్ టెలివిజన్ నుండి ఓటీటీ వరకు పొదుపు వాదం

1. ప్రస్తావన

కేబుల్ కనెక్షన్ తీయించివేసి, ఇంటర్నెట్ ద్వారా ఓటీటీ వేదికల్లో కార్యక్రమాలు చూడటం గత దశాబ్ద కాలంలో తెలుగు పట్టణ కుటుంబాలలో స్థిరపడిన అలవాటు. దీనికి తరచుగా చెప్పే కారణం ఖర్చు తగ్గడం. ఈ వాదం మొదట అమెరికాలో బలపడింది. అక్కడ కేబుల్ బిల్లు మధ్యతరగతి కుటుంబానికి నెలనెలా భారంగా ఉండేది. 2007లో నెట్‌ఫ్లిక్స్ స్ట్రీమింగ్ సేవ ప్రారంభించిన తరువాత ఆ బిల్లులో కొద్ది భాగంతోనే వినోదం అందుబాటులోకి వచ్చింది. భారతదేశంలో పరిస్థితి ఇందుకు భిన్నం. ఇక్కడ కేబుల్ మొదటినుండి చౌక సేవ. చౌకైన దానిని వదిలి మరొకదానికి మారినప్పుడు పొదుపు ఎక్కడినుండి వచ్చిందన్నది చరిత్ర దృష్టితో అడగవలసిన ప్రశ్న.

తెలుగునాట టెలివిజన్ వ్యాప్తిలోని ప్రతి మలుపునూ పొదుపు పేరుతోనే సమర్థించారు. ప్రతిసారీ ఖర్చు పూర్తిగా తొలగిపోలేదు; దానిని భరించేవారు, వసూలు చేసేవారు, లెక్కగట్టే ప్రమాణం మారాయి. కేబుల్ నుండి ఓటీటీకి జరిగిన మార్పును ఈ క్రమంలో భాగంగా చూసినప్పుడే దాని లాభనష్టాలు స్పష్టమవుతాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

2. ఊరికొక పెట్టె నుండి వీధికొక డిష్ వరకు

1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు సాగిన ఉపగ్రహ బోధన టెలివిజన్ ప్రయోగం ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలకు చేరింది. ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా వచ్చిన ప్రసారాలను గ్రామస్థులు ఊరుమ్మడి టెలివిజన్ ముందు కూర్చొని చూశారు. వీక్షకుడు చెల్లించవలసినది ఏమీ లేదు, ఖర్చంతా ప్రభుత్వానిది. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం ప్రారంభమైన తరువాత టెలివిజన్ క్రమంగా ఇంటి వస్తువైంది. రేడియోకు వలెనే టెలివిజన్ పెట్టెకూ తపాలా కార్యాలయంలో లైసెన్సు రుసుము కట్టే పద్ధతి 1980ల మధ్య వరకు కొనసాగింది. టెలివిజన్ చూసినందుకు కుటుంబం కట్టిన తొలి చందా అదే.

కేబుల్ వ్యవస్థ ప్రభుత్వ ప్రణాళికలో పుట్టలేదు. 1980లలో ఒక వీడియో క్యాసెట్ ప్లేయరు నుండి పక్క ఇళ్లకు తీగలు లాగి సినిమాలు చూపించిన చిన్న వ్యాపారులు దీనికి ఆద్యులు. 1991 గల్ఫ్ యుద్ధకాలపు సీఎన్‌ఎన్ ప్రసారాలు, ఆ ఏడాదే మొదలైన స్టార్ ప్రసారాలు, 1992 అక్టోబరులో వచ్చిన జీ టీవీ ఆ వ్యాపారుల చేత డిష్ ఆంటెనాలు కొనిపించాయి. సామాన్య గృహస్థు సొంతంగా కొనలేని డిష్‌ను వీధి మొత్తం పంచుకోవడమే కేబుల్ ఆర్థిక సూత్రం. తెలుగు ఇళ్లలో కేబుల్ రుసుమును చాలాకాలం ‘డిష్ బిల్లు’ అనే వ్యవహరించడం ఈ మూలాన్ని గుర్తుచేస్తుంది. 1995లో జెమినీ టీవీ, ఆ ఏడాది ఆగస్టు 27న ఈటీవీ ప్రసారాలు మొదలు కావడంతో కేబుల్ కనెక్షన్ ఆంగ్ల, హిందీ ప్రేక్షకులకే పరిమితమైన విలాసంగా ఉండటం ముగిసి, తెలుగు గృహావసరాలలో ఒకటిగా మారింది.

చట్టం ఈ పరిణామం వెనుక నడిచింది. 1994 సెప్టెంబరులో ఆర్డినెన్సుగా వచ్చి 1995లో చట్టమైన కేబుల్ టెలివిజన్ నెట్‌వర్కుల నియంత్రణ శాసనం ప్రకారం ఆపరేటర్లు ప్రధాన తపాలా కార్యాలయంలో నమోదు చేసుకోవాలి. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని, ప్రభుత్వంగాని ప్రైవేటు సంస్థగాని వాటిపై గుత్తాధిపత్యం వహించరాదని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలో ప్రకటించింది. తరువాతి ప్రసార విధానాల చర్చకు ఆ తీర్పు పునాది అయింది.

3. చౌక ధర మూలం

అనలాగ్ కేబుల్ చౌకగా ఉండటానికి రెండు కారణాలు కనిపిస్తాయి. మొదటిది, చానెళ్ల ఆదాయంలో అధిక భాగం ప్రకటనల నుండి రావడం. రెండవది, ఆపరేటరు వద్ద వాస్తవంగా ఎన్ని కనెక్షన్లు ఉన్నాయో చానెల్ యాజమాన్యాలకు తెలియకపోవడం. తీగ ఏ ఇంటికి వెళ్లిందో లెక్కించే యంత్రం లేదు. అందువల్ల చందాదారుల సంఖ్య బేరసారాలలో తేలేది. తక్కువ చేసి చూపడం పరిశ్రమలో అందరికీ తెలిసిన రహస్యం. అలా మిగిలిన సొమ్ములో కొంత ఆపరేటరుకు లాభమైతే, కొంత ఇంటి బిల్లు పెరగకుండా కాపాడింది.

ఈ వ్యవస్థకు మరొక ముఖం ఉంది. ఆపరేటరు ఆ పేటవాడే. నెల బిల్లు కొద్దిరోజులు ఆలస్యమైనా సర్దుకొనేవాడు. కోత పడిన తీగను స్వయంగా వచ్చి అతికేవాడు. తన స్థానిక చానెల్‌లో ఊరి జాతర, దుకాణాల ప్రకటనలు చూపించేవాడు. ధర అచ్చువేసిన పట్టికలో కాక ముఖపరిచయంలో నిర్ణయమయ్యేది. దీనిలో దోపిడీకీ అవకాశం ఉంది. ఒక వీధిలో ఒకే ఆపరేటరు ఉన్నచోట వినియోగదారునికి ప్రత్యామ్నాయం ఉండేది కాదు. కాబట్టి ఈ వ్యవస్థను స్వర్ణయుగంగా చిత్రించడం సరికాదు. అయితే బిల్లు విషయమై మాట్లాడటానికి ఎదురుగా ఒక మనిషి ఉండేవాడన్నది గుర్తించవలసిన అంశం.

4. పెట్టె, పట్టిక, పన్ను

చూసిన చానెళ్లకే డబ్బు కట్టాలన్న వాదంతో నియంత్రిత ప్రవేశ విధానం వచ్చింది. 2003 సెప్టెంబరులో చెన్నైలో అది అమలైంది. 2004 జనవరిలో ప్రసార రంగం ట్రాయ్ పరిధిలోకి వచ్చి, కేబుల్ ధరలు తాత్కాలికంగా స్తంభించాయి. డిష్ టీవీ 2003లో, ప్రభుత్వ ఉచిత సేవ డీడీ డైరెక్ట్ ప్లస్ 2004 డిసెంబరులో, టాటా స్కై 2006లో రావడంతో కేబుల్‌కు పోటీ ఏర్పడింది. 2011 చట్ట సవరణ డిజిటలీకరణను తప్పనిసరి చేసింది. హైదరాబాదు, విశాఖపట్నం ఉన్న రెండవ దశకు 2013 మార్చి 31, గ్రామాలతో కూడిన చివరి దశకు 2017 మార్చి 31 గడువులు. సెట్‌టాప్ బాక్సు ఇంటికి రాగానే ఆపరేటరు దాచిన సంఖ్య బయటపడింది. చౌక ధర నిలబడిన రెండు స్తంభాలలో ఒకటి కూలింది.

2019 ఫిబ్రవరి 1 నుండి అమలైన ట్రాయ్ కొత్త ధరల విధానం ఎంపిక స్వేచ్ఛను వాగ్దానం చేసింది. వంద చానెళ్ల వరకు నెట్‌వర్కు రుసుము గరిష్ఠంగా రూ. 130, చెల్లింపు చానెళ్లకు వేరే ధర, బొకేలో చేరాలంటే ఒక్కొక్క చానెల్ ధర రూ. 19 మించరాదు. ఉదాహరణకు గరిష్ఠంగా రూ. 19 ధర గల నాలుగు తెలుగు చానెళ్లను మాత్రమే కోరుకున్న కుటుంబానికి 130, 76 కలిపి రూ. 206, దానిపై 18 శాతం జీఎస్టీతో రూ. 243.08. క్రీడలు, పిల్లల చానెళ్లు చేరిన కొద్దీ మొత్తం పెరుగుతుంది. వినియోగదారుడు తన బిల్లును మొదటిసారి పద్దులవారీగా చదివింది ఈ దశలోనే. చదవడం మొదలైన తరువాత ‘ఇది అవసరమా’ అన్న ప్రశ్న సహజంగానే పుట్టింది. ఎంపిక కోసం రూపొందిన విధానం కనెక్షనునే వదులుకొనే ఆలోచనకూ దారితీసింది.

5. ఫైబర్‌నెట్: కలిసి నడిచే ప్రయత్నం

ఈ మలుపుకు ముందే ఆంధ్రప్రదేశ్‌లో మరొక మార్గాన్ని పరీక్షించారు. 2015లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్ సంస్థ విద్యుత్ స్తంభాల మీదుగా ఆప్టికల్ ఫైబర్ తీగను లాగింది. భూమి తవ్వే ఖర్చు తప్పింది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఈ పథకం ఇంటర్నెట్, టెలివిజన్ చానెళ్లు, టెలిఫోను కలిపి నెలకు రూ. 149కే ఇస్తామని ప్రకటించింది. ఇంటివరకు తీగ చేర్చే పనిలో స్థానిక కేబుల్ ఆపరేటర్లే భాగస్వాములు.

ఇక్కడ కేబుల్‌ను తొలగించి ఇంటర్నెట్‌ను పెట్టలేదు. కేబుల్ తీగ ఉన్న చేతులకే ఇంటర్నెట్ తీగను ఇచ్చారు. ప్రజాధనంతో మౌలిక వ్యవస్థ, స్థానిక శ్రమతో సేవ అన్న ఈ నమూనా పొదుపును కుటుంబంతోపాటు ఆపరేటరుకూ పంచజూసింది. అయితే అంత తక్కువ ధర మార్కెట్ ధర కాదు, విధానపరమైన ధర. దాని భవిష్యత్తు ప్రభుత్వాల ప్రాధాన్యాలతో, నిర్వహణ వ్యయంతో ముడిపడి ఉంది. ప్రైవేటు డేటా విప్లవం అదే కాలంలో ఇంకా వేగంగా విస్తరించింది.

6. ఓటీటీ లెక్క

2015లో హాట్‌స్టార్, 2016లో నెట్‌ఫ్లిక్స్, అమెజాన్ ప్రైమ్ వీడియో భారతదేశానికి వచ్చాయి. 2016 సెప్టెంబరు 5న జియో ఉచిత డేటాతో ప్రవేశించకపోయి ఉంటే వాటి పరిధి సంపన్న వర్గాలకే పరిమితమయ్యేది. 2020లో జియో ఫైబర్ ప్రారంభ పథకం రూ. 399, పన్నుతో సుమారు రూ. 471. పైన చూపిన కేబుల్ బిల్లుకు ఇది దాదాపు రెట్టింపు. కాబట్టి టెలివిజన్ కోసమే ఇంటర్నెట్ పెట్టించుకొన్న ఇంటికి పొదుపు లేదు. చదువుకో ఉద్యోగానికో ఇంటర్నెట్ అప్పటికే ఉన్న ఇంటికి మాత్రం కేబుల్ బిల్లు అదనపు భారంగా కనిపించింది. తెలుగునాట పొదుపు వాదం నిజమైనది ఈ రెండవ వర్గానికి మాత్రమే.

2020 లాక్‌డౌన్ ఈ వర్గాన్ని విస్తరింపజేసింది. తరగతులు, కార్యాలయాలు ఇంటికి రావడంతో బ్రాడ్‌బ్యాండ్ అనివార్యమైంది. అప్పట్లో తెలుగుకే పరిమితమైన ‘ఆహా’ వేదిక ఆ ఏడాదే ప్రజల ముందుకు వచ్చింది. థియేటర్లు మూతపడగా నాని నటించిన ‘వి’ చిత్రం 2020 సెప్టెంబరు 5న నేరుగా ప్రైమ్ వీడియోలో విడుదలైంది. కొత్త సినిమా కోసం కేబుల్ చానెల్ ప్రసారానికి ఎదురుచూడవలసిన అవసరం తగ్గింది.

ధరల చరిత్ర మాత్రం కేబుల్ కథనే తిరిగి చెబుతుంది. ప్రైమ్ వార్షిక చందా 2016లో రూ. 499 ప్రారంభ ధర, తరువాత రూ. 999, 2021 డిసెంబరు నుండి రూ. 1,499. 2025 జూన్‌లో ప్రకటనలు కూడా చేరి, అవి లేకుండా చూడాలంటే అదనపు రుసుము వచ్చింది. నెట్‌ఫ్లిక్స్ 2021లో మొబైల్ పథకాన్ని రూ. 149కి తగ్గించింది, 2023 జూలైలో ఒకే ఖాతాను వేర్వేరు ఇళ్లవారు పంచుకోవడాన్ని నియంత్రించింది. 2023లో జియో సినిమా ఉచితంగా చూపిన ఐపీఎల్, హాట్‌స్టార్‌తో కలిసి 2025 ఫిబ్రవరిలో జియో హాట్‌స్టార్‌గా అవతరించిన తరువాత చందా పరిధిలోకి వచ్చింది. ఇంటర్నెట్ సంస్థలు అనేక ఓటీటీలను ఒకే పథకంలో కలిపి అమ్మడం పాత బొకేకు కొత్త రూపం. వీధి ఆపరేటరు తక్కువ లెక్క చూపి చౌకగా ఇచ్చాడు; వేదికలు పెట్టుబడిదారుల సొమ్ముతో నష్టం భరించి చౌకగా ఇచ్చాయి. రెండూ విస్తరణ దశకు చెందిన ధరలే.

7. పొదుపుకు బయట మిగిలినవి

ఈ మార్పులో కుటుంబ బిల్లులో కనిపించని మూడు అంశాలున్నాయి. మొదటిది నియంత్రణ. కేబుల్ ధరకు ట్రాయ్ గరిష్ఠ పరిమితి విధించగలిగింది. దూరదర్శన్ చానెళ్లను చూపడం తప్పనిసరి. 2021 సమాచార సాంకేతిక నియమాలు ఓటీటీ విషయాంశానికి మూడంచెల పర్యవేక్షణను నిర్దేశించాయేగాని ధరను స్పృశించలేదు. జాతీయ ప్రాధాన్యం గల క్రీడా ప్రసారాలను ప్రసార భారతితో పంచుకోవాలన్న 2007 చట్టం దూరదర్శన్ భూతల ప్రసారాన్ని, ఉచిత డీటీహెచ్‌ను దృష్టిలో పెట్టుకొన్నది. స్ట్రీమింగ్ కాలపు ప్రశ్నలకు అందులో సమాధానం లేదు.

రెండవది ఉమ్మడి వీక్షణం. 1975లో ఊరికొక పెట్టె, 1995లో ఇంటికొక పెట్టె, నేడు మనిషికొక తెర. ఒక కేబుల్ కనెక్షన్ ఇంట్లోని ముసలివారికీ పిల్లలకూ ఒకే రుసుముతో సరిపోయేది. ఫోనుకు పరిమితమైన చౌక పథకంలో అవ్వకు సీరియల్ చూపించాలంటే మనుమడు ఫోను ఇవ్వాలి. వేలిముద్రతో తెరుచుకొనే యాప్, ఆంగ్లంలోని ఆదేశాలు, ఆన్‌లైన్ చెల్లింపు చదువురాని వృద్ధులను, ముఖ్యంగా స్త్రీలను, పరాధీనులను చేస్తాయి. రిమోట్ వారి చేతిలో ఉండేది.

మూడవది జీవనోపాధి. ఆపరేటరు, అతని వద్ద తీగలు లాగే కుర్రవాళ్లు, బిల్లు వసూలు చేసేవారు ఈ రంగంపై బతికారు. వారిలో కొందరు బ్రాడ్‌బ్యాండ్ పంపిణీకి మారారు. అందరికీ ఆ పెట్టుబడి సాధ్యం కాలేదు. డీటీహెచ్ కూడా ఇదే తాకిడికి లోనయింది. 2019 ప్రాంతంలో 7 కోట్లు దాటిన చెల్లింపు డీటీహెచ్ చందాదారులు 2025 నాటికి 6 కోట్ల దిగువకు చేరారు.

8. ముగింపు

తపాలా కార్యాలయపు లైసెన్సు నుండి డిష్ బిల్లుకు, దానినుండి పద్దుల పట్టికకు, అక్కడినుండి యాప్ చందాకు సాగిన ఈ అర్ధశతాబ్ది ప్రయాణంలో కుటుంబం ఆదా చేసిన ప్రతి రూపాయికీ ఎక్కడో ఒక బదిలీ జరిగింది. ఓటీటీ వల్ల పొదుపు భ్రమ కాదు. కానీ అది ఇంటర్నెట్ ముందే ఉన్న ఇంటికి, ధరలు విస్తరణ దశలో ఉన్న కాలానికి పరిమితం. దానిని సార్వత్రిక సత్యంగా స్వీకరిస్తే ధరపై ప్రజానియంత్రణ సడలడం, వృద్ధ ప్రేక్షకులు వెనుకబడటం, స్థానిక చానెళ్లు నశించడం లెక్కలోకి రావు.

చివరి అంశం చరిత్ర పరిశోధకులకు అత్యవసరమైనది. పట్టణాల స్థానిక కేబుల్ చానెళ్లు మూడు దశాబ్దాలపాటు చిత్రించిన ఊరేగింపులు, సభలు, వరదలు, ఎన్నికల ప్రచారాలు క్యాసెట్లలో, పాత హార్డు డిస్కులలో ఆపరేటర్ల గదులలో ఉన్నాయి. వ్యాపారం మూతపడినప్పుడు అవి చెత్తలోకి వెళ్తాయి. కేబుల్ ఆపరేటర్ల మౌఖిక చరిత్రలను నమోదు చేయడం, ఆ దృశ్యాలను జిల్లా స్థాయిలో భద్రపరచడం విశ్వవిద్యాలయాల చరిత్ర, జర్నలిజం శాఖలు వెంటనే చేపట్టదగిన కర్తవ్యం.