క్రొత్తచుక్కలు - పాతపట్టికలు

ఆకాశమున నిన్న ఏమియు లేని చోట నేడొక చుక్క కానవచ్చినచో దానిని పాశ్చాత్యులు నోవా యనిరి, అనగా క్రొత్తది. మనము నవ్యతార యనవచ్చును. కాని యా పేరు సార్థకము కాదు. కంటి కందనంత మసకగా నుండిన పాతచుక్కయే యొక్కుమ్మడిగా ప్రజ్వరిల్లి మనకు క్రొత్తదిగా తోచుచున్నది. పాతచుక్కల నెఱుగనివానికి క్రొత్తచుక్క యెన్నటికిని దొరకదు. మా యభిప్రాయమున నవ్యతారల చరిత్ర యంతయు నీ యొక్క మాటలోనే యిమిడియున్నది.

మన పూర్వు లాకాశమును చూడలేదని యెవ్వరు ననజాలరు. ఆఱవ శతాబ్దమున వరాహమిహిరుడు బృహత్సంహితలో కేతువులకై యొక యధ్యాయమునే వ్రాసెను. అవి నూటొక్కటియని కొందఱును, వేయియని కొందఱును చెప్పుదురని యాతడే తెలిపెను. ఇదియు వర్గీకరణమే. వర్ణమును, ఆకారమును వారు శ్రద్ధతో గమనించిరి. ఐతే తుదకు వారడిగిన ప్రశ్న వేఱు: ఈ కాంతి రాజునకు, పంటకు, ప్రజకు నేమి కీడు తెచ్చునని.

1054వ సంవత్సరము జూలైలో వృషభరాశియం దొక చుక్క వెలిగెను. అది 23 దినములు పగటివేళయందును, రమారమి రెండేండ్లు రాత్రులయందును కానవచ్చెనని చీనా రాజజ్యోతిష్కులు వ్రాసియుంచిరి. రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుడు రాజ్యమేలుచుండిన కాలమది. నన్నయభట్టారకుడు భారతమును తెనిగించిన కాలమది. గోదావరీతీరమున నెన్నియో కన్నులు దానిని చూచియుండును. కాని నేడు శాస్త్రజ్ఞులు లెక్క గట్టవలసివచ్చినపుడు విప్పి చూచునది చీనావారి పుస్తకమునే. ఏలయన తేదీ వ్రాసినవారు వారు.

1572 నవంబరులో టైకోబ్రాహి యను డేనిషు పండితుడు కాసియోపియా మండలమున నిట్టి చుక్కనే చూచి, నెలల తరబడి కొలిచి, అది ఇరుగుపొరుగు చుక్కలనుండి యిసుమంతయు కదలలేదని, కావున చంద్రునికంటె మిక్కిలి దూరమున నున్నదని నిరూపించెను. ఉత్పాతము పరిశోధనకు విషయమైనది.

తెలుగుదేశమున ఈ కొలతల పని హైదరాబాదున సాగెను. 1901లో నవాబు జఫర్ జంగు ఫిసల్‌బండయొద్ద వేధశాలను నెలకొల్పెను. 1908లో నిజాము ప్రభుత్వము దానిని స్వీకరించెను. తరువాత నది బేగంపేటకు మాఱి, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చేరెను. ఆకాశమునంతటిని ఛాయాచిత్రములుగా తీసి చుక్కల పట్టిక వ్రాయవలెనని 1887లో పారిసున జరిగిన సభ నిర్ణయించి, పనిని పలుదేశముల వేధశాలలకు పంచియుండెను. అందు దక్షిణపు 17 మొదలు 23 డిగ్రీల వఱకు గల పట్టీ హైదరాబాదు పాలు వచ్చెను. పోకాక్ దొరయు, 1918 మొదలు 1944 వఱకు అధ్యక్షుడైన టి. పి. భాస్కరనును లక్షలకొలది చుక్కల తావులు కొలిపించి సంపుటములుగా ప్రకటించిరి. ఇంత చాకిరిలో కీర్తి యేమున్నదని యడుగువారుందురు. ఇంటి సామానుల జాబితా లేనివాడు పోయినదానిని గుర్తింపలేడు, వచ్చినదానిని గుర్తింపలేడు.

క్రొత్తచుక్క యని తేలిన పిమ్మట దాని జాతి తెలియవలెను. కాంతిని పట్టకముద్వారా విడదీసి వర్ణపటము తీయుట, దినదినమును వెలుగు తగ్గు తీరును వ్రాయుట, ఈ రెండును సాధనములు. 1934లో బాడె, జ్విక్కీ యనువారు మహాప్రజ్వలనములకు సూపర్నోవా యని పేరిడి సామాన్య నోవాలనుండి వేఱు పఱచిరి. 1941లో మిన్కౌస్కీ వర్ణపటమున హైడ్రోజను గీతలు లేనివానిని మొదటి తెగయనియు, ఉన్నవానిని రెండవ తెగయనియు విభజించెను. నోవాయందు తెల్లని కుబ్జతార తన జంటతార నుండి గ్రహించిన వాయువు పైపొరలో మండిపోవును, చుక్క మిగులును. సూపర్నోవాయందు చుక్కయొక్క యునికియే తాఱుమాఱగును: కొన్నిట కుబ్జతార సమూలముగా నశించును, కొన్నిట మహాతార గర్భము కూలిపోవును.

బేగంపేట వేధశాల యుద్యోగి కుమారుడైన వైను బప్పు, నిజాము కళాశాలలో చదివి, తరువాత తమిళదేశమున కావలూరు వేధశాలను నెలకొల్పెను. ఆతడు 1982లో గతించెను. 1987 ఫిబ్రవరిలో దక్షిణాకాశమున కంటికి గోచరమగు సూపర్నోవా వెలిగినపుడు, అది దిక్చక్రమునకు మిక్కిలి చేరువగా నున్నను, కావలూరువారు దాని వర్ణపటములను తీయగలిగిరి. అందు హైడ్రోజను గీత లుండెను. కనుక నది రెండవ తెగ.

ఇదంతయు పెద్ద శాలల పనియని మన గృహస్థులు విడిచిపెట్టరాదు. 1918 జూన్ 7వ తేదీ రాత్రి గరుడమండలమున నవ్యతారను చూచి గుర్తించిన రాధాగోవింద చంద్ర, వంగదేశమున జెస్సోరు ఖజానాలో చిన్న యుద్యోగి. ఆతడా చోటి చుక్కలను ముందే యెఱిగియుండెను. అందుచేత నొకటి యెక్కువైనదని వెంటనే తెలిసికొనెను. ఉత్తరకిరీటమండలమున 1866లో వెలిగిన చుక్కయే 1946లో మరల వెలిగెనని చెప్పగలుగుటకు కారణము, ఎనుబదియేండ్ల క్రిందట దాని తావు వ్రాసియుండుటయే.

మా పినపాక వంటి అడవియంచు గ్రామములలో అమావాస్యనాటి చీకటి యింకను చిక్కగనే యున్నది. మణుగూరు బొగ్గుగనుల దీపములు ఒక దిక్కున దానిని పలుచన చేయుచున్నను తక్కిన దిక్కులు మనకు మిగిలియున్నవి. పిల్లలకోడిని, వేగుచుక్కను చూపి జాము చెప్పగల పెద్దలు పల్లెల నున్నారు. బాలురకే కాక బాలికలకును ఒక్కొక్క మండలము నప్పగించి, ఏ చుక్క యేదానికంటె వెలుగుచున్నదో తేదీ, వేళలతో నోటుపుస్తకమున వ్రాయింతము. క్రొత్తచుక్క వచ్చిన రాత్రి శాంతి చేయించు పురోహితునికై పరుగిడకుండ, ఆ పుస్తకమునే దీపముచెంత విప్పుదురు గాక.