ఓరెఫోర్స్ కొలిమి చెంత చిత్రకారులు

స్వీడన్ దక్షిణభాగమందలి స్మోలాండ్ సీమ సేద్యమునకు అంతగా అనువుగాని రాతినేల. అయినను విస్తారములైన అరణ్యములు గలదగుటచే, కొలుములకు వలసిన కట్టెలకు అచ్చట కొదువ లేకుండెను. ఆ అడవుల నడుమ ఓరెఫోర్స్ అను చిన్న గ్రామమున 1726లో ఇనుపకొలిమి వెలసినది. 1898లో గాజుపని ఆరంభమైనది. తొలుత అచ్చట తయారైనవి నిత్యోపయోగములైన సామాన్యవస్తువులే.

1913లో యోహాన్ ఎక్మన్ ఆ కర్మాగారమును కొని, నిర్వహణభారమును ఆల్బర్ట్ ఆలీన్‌కు అప్పగించిన పిమ్మట దాని దశ మారినది. సామాన్యుని యింటి వస్తువు సైతము సుందరముగా నుండవలెననియు, అందులకై చిత్రకారులు కర్మాగారములలో అడుగిడవలెననియు స్వీడన్ హస్తకళాసంఘము ప్రబోధించుచున్న కాలమది. 1916లో సీమొన్ గాటే, మరుసటి యేట ఎడ్వర్డ్ హాల్డ్ ఓరెఫోర్స్ చేరిరి. ఇరువురును చిత్రకారులే, హాల్డ్ పారిసునందు మతీస్ కడ శిష్యరికము చేసినవాడు. గాజుపని మాత్రము ఇరువురికిని కొత్త.

ఆ కొఱతను తీర్చినవాడు క్నూట్ బెర్గ్‌క్విస్ట్ అను ఊదుపనివాడు. గాటే కల్పనకు అతని హస్తకౌశలము తోడుకాగా 1916లో ‘గ్రాల్’ అను నూతనపద్ధతి జనించినది. స్వచ్ఛమైన గాజుముద్దపై పలుచని రంగుగాజు పొరను తొడిగి, నెమ్మదిగా చల్లార్చి, ఆ పొరయందు చిత్రమును చెక్కుదురు, లేదా ఆమ్లముతో తొలుతురు. పిదప ఆ ముద్దను క్రమక్రమముగా వేడిచేసి—తొందరపడిన పగులును—గొట్టమున కెక్కించి, కరగిన స్వచ్ఛగాజులో మరల ముంచి ఊదుదురు. అంతట చెక్కినప్పుడు కరకుగా నున్న రేఖలు వేడికి మెత్తబడి, సాగి, గాజు గర్భమున తేలియాడుచున్నట్లు కానవచ్చును. ఊదినప్పుడు బొమ్మ ఎంత సాగునో చిత్రకారుడు ముందుగనే ఊహింపవలెను. ఆ ఊహను నిలుపుట ఊదువాని శ్వాసపై ఆధారపడియుండును.

హాల్డ్ 1921లో రూపొందించిన ‘బాణసంచా’ పాత్ర వంటి కృతులు రాగిచక్రముతో గాజును చెక్కు నిపుణుల నేర్పునకు నిదర్శనములు. 1925 నాటి పారిస్ అంతర్జాతీయ ప్రదర్శనమున ఓరెఫోర్స్ గాజునకు మహాబహుమానము లభించుటతో దాని కీర్తి దేశదేశముల వ్యాపించినది. 1930ల చివర శిల్పి ఎడ్విన్ ఓర్‌స్ట్రోమ్, విక్కె లిండ్‌స్ట్రాండ్ ఊదుపనివారితో కలసి, గాజులో గాలినే బంధించి దానిని చిత్రరేఖగా మలచిన ‘ఏరియల్’ పద్ధతిని కల్పించిరి.

ఓరెఫోర్స్ గ్రామమందలి కర్మాగారము 2013లో మూతపడినది. ఆ పాత్రలు నేడు ప్రదర్శనశాలలలో తరచుగా చిత్రకారుల పేర్లతోనే ప్రసిద్ధములు. గీసిన చేయి ఎంతటిదో ఊదిన శ్వాసయు అంతటిదే గనుక, గాటే పేరు తలచినప్పుడెల్ల బెర్గ్‌క్విస్ట్ పేరును తలచుట న్యాయము.