చదువు - దయగా మొదలై హక్కుగా మారిన వైనం

చదువు ప్రతి పిల్లవాడి హక్కు అనే మాట ఈనాడు అందరి నోటా వినిపిస్తున్నది. రాజ్యాంగం రాసిన నాటి నుంచీ ఆ మాట అందులో ఉన్నదని చాలామంది అనుకుంటారు. నిజం అది కాదు. మొదట చిత్తుప్రతిలో ఉన్న ఆ మాటను పెద్దలు కొట్టివేశారు. తిరిగి అది రాజ్యాంగంలోకి రావడానికి 54 ఏళ్ళు పట్టినది. అలా రావడానికి మన ఆంధ్రప్రదేశ్ పేరు మీద నడిచిన ఒక కేసు ముఖ్యకారణం. ఈ సంగతి మన సంఘ సభ్యులకు, ముఖ్యంగా పిల్లల తల్లిదండ్రులకు తెలియాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

దాతల కాలం

మన ఉత్తరాంధ్రలో చదువు చాలాకాలం దాతల దయ మీద నడిచినది. విజయనగరం మహారాజులు 1857లో పెట్టిన పాఠశాల 1879లో కాలేజీ అయినది. గురజాడ అప్పారావుగారు అక్కడే చదివి, అక్కడే పాఠాలు చెప్పారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉన్న గిడుగు రామమూర్తిగారు సవరల భాష పట్టుబట్టి నేర్చుకొని, ఆ భాషలో పుస్తకాలు రాసి, వారి పిల్లలకు బడులు నడిపారు. ఇటువంటి మహనీయుల మేలు మరువరానిది. అయితే రాజుగారి దయ గాని, పంతులుగారి దయ గాని ఎంతమందికి అందుతుంది? అందనివాడు ఎవరిని అడగాలి?

దయ అనేది ఇచ్చేవారి ఇష్టం. హక్కు అలా కాదు, అడిగి తీసుకునేది. ఆ 'హక్కు' అన్న మాట కూడా అరబ్బీ 'హఖ్' నుంచి ఫారసీ, ఉర్దూ కచేరీల దారిన మన తెలుగులోకి వచ్చినదే.

గోపాలకృష్ణ గోఖలే 1911లో నిర్బంధ ప్రాథమిక విద్య కోసం కేంద్ర శాసనసభలో బిల్లు పెట్టారు. మరుసటి ఏడు అది ఓడిపోయినది. అప్పట్లో మన ప్రాంతం ఉన్న మద్రాసు రాష్ట్రంలో 1920లో ప్రాథమిక విద్యా చట్టం వచ్చినది. స్థానిక సంస్థలు కోరుకుంటే తమ పరిధిలో చదువును నిర్బంధం చేయవచ్చునన్నది అందులోని ఏర్పాటు. కోరుకోని చోట పిల్లవాడి గతి ఎప్పటిదే.

కొట్టివేసిన మాట

స్వాతంత్ర్యం వచ్చాక తయారైన రాజ్యాంగ చిత్తుప్రతిలో 36వ అధికరణం ఉండేది. దానిలో రెండు సంగతులు ఉన్నాయి. ఒకటి, ఉచిత ప్రాథమిక విద్య పొందడానికి ప్రతి పౌరుడికీ అర్హత ఉన్నదని. రెండు, పదేళ్ళలోగా 14 ఏళ్ళ వయసు నిండే వరకు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య ఏర్పాటు చేయడానికి ప్రభుత్వం ప్రయత్నించాలని.

1948 నవంబరు 23న రాజ్యాంగ సభలో ఇది చర్చకు వచ్చినది. ఇది కోర్టుకు వెళ్ళే వీలులేని ఆదేశిక సూత్రాల భాగం గనుక, ఇక్కడ అర్హత అనే మాట పొసగదని పండిట్ లక్ష్మీకాంత మైత్ర సవరణ పెట్టారు. సభ ఒప్పుకున్నది. మొదటి సగం పోయి, ప్రయత్నించాలన్న రెండో సగం మిగిలినది. అదే 45వ అధికరణం అయినది.

ఆ రోజే బెంగాలు సభ్యులు నజీరుద్దీన్ అహ్మద్ మరొక సవరణ తెచ్చారు. విద్య అన్న చోట ప్రాథమిక విద్య అని ఉంచితే చాలునన్నది ఆయన వాదన. డాక్టర్ అంబేద్కర్ అందుకు ఒప్పుకోలేదు. 14 ఏళ్ళలోపు పిల్లలను ప్రమాదకరమైన పనులలో పెట్టరాదని మరొక అధికరణం చెబుతున్నది. మరి పనిలో ఉండకూడని పిల్లవాడు బడిలో ఉండాలి కదా అన్నది ఆయన తర్కం. హక్కు అన్న మాట ఆనాడు నిలవకపోయినా 14 ఏళ్ళ గీత మాత్రం చెరిగిపోకుండా నిలిచినది. తరువాతి కథకు అదే పునాది.

గడువు దాటిపోయినది

1951 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో అక్షరాస్యులు నూటికి 18 మంది. పదేళ్ళ గడువు 1960 జనవరి 26తో తీరిపోయినది. బడులు పెరిగిన మాట నిజమే గాని పిల్లలందరూ బడిలో లేరు. ఏమయ్యా అని అడగడానికి కోర్టు తలుపు తెరిచి లేదు. ఎందుకంటే అది హక్కు కాదు, ప్రయత్నం మాత్రమే!

మన రాష్ట్రం కేసు

ఆ తలుపు తెరుచుకున్న తీరు విచిత్రమైనది. చిన్నపిల్లల బడి గురించి వేసిన దావా కాదది. మెడికల్, ఇంజనీరింగు కాలేజీల డొనేషన్ల తగాదా. కర్ణాటక రాష్ట్రం మీద నడిచిన మోహినీ జైన్ కేసులో 1992లో సుప్రీంకోర్టు చదువు హక్కేనని, డొనేషన్లు చెల్లవని చెప్పినది. దాని మీద పలు రాష్ట్రాల ప్రైవేటు కాలేజీలవారు కోర్టుకు వెళ్ళారు. అవన్నీ కలిపి ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం అన్న పేరుతో అయిదుగురు న్యాయమూర్తుల ముందుకు వచ్చినవి.

1993 ఫిబ్రవరి 4న తీర్పు వచ్చినది. ముఖ్యమైన తీర్పు రాసినవారు మన తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డిగారు. ఆదేశిక సూత్రాలలో గడువు పెట్టినది ఒక్క 45వ అధికరణానికే. పదేళ్ళు అన్నది నాలుగింతలు దాటినా ఇంకా అది ఆశగానే ఉండాలా అని కోర్టు ప్రశ్నించినది. 14 ఏళ్ళ వరకు ఉచిత విద్య, జీవించే హక్కులో భాగమైన ప్రాథమిక హక్కేనని తేల్చినది. ఆ తీర్పులోని ఫీజుల పద్ధతిని 2002లో పెద్ద ధర్మాసనం కొట్టివేసినా, పిల్లల హక్కు చెక్కుచెదరలేదు. పెద్ద కాలేజీల తగాదాలో చిన్నబడి పిల్లవాడు గెలిచాడు!

2002 డిసెంబరులో 86వ సవరణ వచ్చి, 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు చదువును 21-ఎ అధికరణంగా చేర్చినది. దాన్ని అమలు పరిచే చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైనది.

ఇందులో మనకేమిటి?

అల్పసంఖ్యాకులు తమకు నచ్చిన విద్యాసంస్థలు పెట్టుకోవచ్చునని 30వ అధికరణం చెబుతున్నది. అది విలువైన హక్కే. కాని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో మనం నూటికి ఒక్కరం కూడా లేము. ప్రతి ఊళ్ళో సొంత బడి పెట్టుకోవడం మన తరమా? మన పిల్లలలో ఎక్కువమంది వెళ్ళేది సర్కారు బడికే. అందుచేత మనకు 21-ఎ అధికరణమే మొదటి అండ అని మేము భావిస్తున్నాము.

2011 జనాభా లెక్కలలో దేశంలో అక్షరాస్యులు నూటికి 73 మంది ఉండగా, అప్పటి శ్రీకాకుళం జిల్లాలో సుమారు 62, విజయనగరం జిల్లాలో సుమారు 59. ఈ వెనుకబాటు ఒక్క మతానిది కాదు, ప్రాంతానిది. మన ఇరుగుపొరుగు అందరిదీ ఒకే కష్టం.

చట్టంలో మనవారు గుర్తుంచుకోవలసిన అంశాలు కొన్ని ఉన్నాయి. పుట్టిన తేదీ కాగితం లేదని బడిలో చేర్చుకోకపోవడం తప్పు. టి.సి. రావడం ఆలస్యమైనదని చేర్చుకోకపోవడమూ తప్పే. పని కోసం ఊళ్ళు మారే మన జిల్లాల కుటుంబాలకు ఇది చాలా అవసరమైన సంగతి. మధ్యలో మానేసిన పిల్లను ఆమె వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి. సర్కారు బడి నిర్వాహక కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. మొత్తం సభ్యులలో సగం మంది ఆడవారు ఉండాలి. ఆ కమిటీ సమావేశాలకు మన ఇళ్ళ తల్లులు ఎంతమంది వెళుతున్నారు?

మరొక సంగతి కూడా చెప్పుకోవాలి. 2012లో చేసిన సవరణ ప్రకారం మదరసాలకు, వేదపాఠశాలలకు ఈ చట్టం వర్తించదు. దీన్ చదువు మన పిల్లలకు కావలసిందే, అందులో రెండో మాట లేదు. దానితోపాటు లెక్కలు, సైన్సు, తెలుగు, ఇంగ్లీషు కూడా అందేలా చూసే బాధ్యత అక్కడ తల్లిదండ్రుల మీదే ఎక్కువగా పడుతుంది. పిల్లలకు చదువు చెప్పించడం తల్లిదండ్రుల కర్తవ్యమని 86వ సవరణే రాజ్యాంగంలో రాసినది.

పద్నాలుగేళ్ళు నిండాక మామూలుగా ఈ హక్కు ఆగిపోతుంది. అప్పటికి పిల్ల ఎనిమిదో, తొమ్మిదో తరగతి. సరిగ్గా అక్కడే మగపిల్లవాడు మెకానిక్ షెడ్డుకో, పండ్ల బండి దగ్గరకో వెళుతున్నాడు. ఆడపిల్ల ఇంట్లో ఆగిపోతున్నది. చట్టం చేయి వదిలిన చోట పట్టుకోవలసింది ఎవరు? ఇంటివారు, ఆ తరువాత మనలాంటి సంఘాలు. ప్రతి పేటలో ఎనిమిది నుంచి పది తరగతుల మధ్య ఆగిపోయిన పిల్లల పేర్లు సేకరించి, ఒక్కొక్క ఇంటికి వెళ్ళి మాట్లాడి, పుస్తకాలకు, పరీక్ష ఫీజుకు సాయపడితే ఈ సంఘం ఉన్నందుకు సార్థకత. సభ్యులందరూ ఈ పనికి నెలలో ఒక్క పూట కేటాయించవలసిందిగా మా మనవి.