కాపు లేని ఏట కృతజ్ఞత

నూజివీడు తోటల్లో మామిడి ఏటా ఒకే తీరున కాయదు. బంగినపల్లి అయితే మరీను. ఒక ఏడు కొమ్మలు వంగేలా కాస్తే, మరుసటి ఏడు ఆకులే మిగలవచ్చు. పూత బాగా వచ్చినా తేనెమంచు పురుగు ఉంటుంది, ఈదురుగాలి ఉంటుంది. అంజూరపు చెట్టు పూయకపోయినా, చేను పండకపోయినా దేవునిలో ఆనందిస్తానన్న హబక్కూకు ప్రవక్త మాట ఇక్కడి రైతుకు విడమరచి చెప్పనక్కర్లేదు. పంటతో నిమిత్తం లేకుండా రోజూ దేవుణ్ణి స్తుతించే అలవాటు ఈ ప్రాంతపు క్రైస్తవ ఇళ్లలో ఎలా నాటుకుందో తెలియాలంటే నూట ఎనభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

చర్చి మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ 1841లో మచిలీపట్నం వచ్చారు. 1854లో ఏలూరులో, 1858లో బెజవాడలో పని మొదలైంది. నూజివీడు ఈ రెండు ఊళ్ల నడుమ ఉంది. అయితే పల్లెల్లో అసలు కదలిక తెచ్చింది మిషను బళ్లు కావు, పల్లెవాళ్లే. 1859లో రాఘవాపురం మాల పెద్ద పగోలు వెంకయ్య తనవాళ్లతో కలిసి మిషనరీ డార్లింగ్ దొర చేత బాప్తిస్మం పొందాడు. ఆ తరవాతి దశాబ్దాల్లో సంఘాల్లో చేరినవాళ్లలో ఎక్కువమంది కూలికి పోయే మాల, మాదిగ కుటుంబాలవాళ్లే. చాలామందికి చదువు రాదు. పగలంతా ఇంకొకరి పొలంలో గడిచేది. అందుకే పల్లె ఆరాధనకు రాత్రి అనువైన వేళ అయింది. పనినుంచి వచ్చాక పల్లె పంతులు నలుగురినీ కూడదీసేవాడు. ఒక బైబిలు కథ, ఒక కీర్తన, ఒక ప్రార్థన.

అక్షరాలు రానివాళ్ల నోట ఆ స్తుతి నిలిచిందంటే ఘనత కీర్తనలదే. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి కవులు మన రాగాల్లో, మన తాళాల్లో పాటలు కట్టారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం పేర్లు నేటికీ కనిపిస్తాయి. పుస్తకం పట్టనక్కర్లేని తల్లులు నాట్లు వేస్తూ, బిడ్డను జోకొడుతూ పాడుకోగలిగారు. ఏ ప్రసంగమూ అంత దూరం నడిచి రాలేదని నా నమ్మకం.

ఇక 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకం పొందిన అజరయ్య గారి మాట. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు ఆయనే. అప్పటి కృష్ణా జిల్లా సంఘాలు కూడా తరవాత ఆయన దోర్నకల్ అధ్యక్ష మండలం కిందికి వచ్చాయి. సంఘం విదేశీ డబ్బు మీద కాక తన కాళ్లమీద తాను నిలబడాలన్నది ఆయన పట్టుదల. ఆ రోజుల్లో సంఘాల్లో పాతుకున్న ఆచారం పిడికెడు బియ్యం. ఎసట్లో బియ్యం పోసేముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి దేవుని పేర పక్కన పెడుతుంది. తిన్నాక మిగిలింది ఇవ్వడం కాదు, తినకముందే తీయడం. అదీ రేపటికి గింజలుంటాయో లేదో తెలియని ఇంట్లో!

పేదవాణ్ణి ఉన్నదానితో సరిపెట్టుకొమ్మని చెప్పే ఉపాయమే ఈ కృతజ్ఞత అని అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. గింజల కోసం ఆసామి ముందు చేతులు కట్టుకున్న మనిషి, ఆ గింజలకు దేవుడికి వందనం చెప్పడం నేర్చుకున్న రోజున అతని నడుము కొంత నిటారైంది. ఆ ఇళ్ల పిల్లలే బళ్లకు వెళ్లారు, పంతుళ్లయ్యారు, పాదిరులయ్యారు.

ఇప్పుడు పుట్టినరోజుకు, ఉద్యోగానికి, ఆస్పత్రి నుంచి క్షేమంగా ఇంటికొచ్చినందుకు కృతజ్ఞత కూడికలు పెడుతున్నారు. పంట చేతికొస్తే కోతపండుగలో ప్రథమ ఫలాలు బల్లముందు పెడతారు. అవి మంచివే, కానీ మేలు జరిగినప్పుడే జరిగేవి. ఏ మేలూ కనపడని మంగళవారం రాత్రి కుటుంబ ప్రార్థనకు అంతకంటే దృఢమైన విశ్వాసం కావాలి. దానికి ఏర్పాట్లేమీ అక్కర్లేదు. అమ్మమ్మలకు, నాయనమ్మలకు సాయంకాలపు కీర్తనలు కంఠతా వచ్చు. పిల్లల్ని వాళ్ల పక్కన కూర్చోబెట్టి ఒకటి నేర్పించడం ఈ రాత్రే మొదలుపెట్టవచ్చు.