గుడారి భూమి పట్టాలు – భూలేఖ్

రాయగడ జిల్లా గుడారి తహసీలు గ్రామాల భూమి పట్టాలను ఒడిశా ప్రభుత్వ ‘భూలేఖ్’ వెబ్‌సైటులో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. జిల్లా, తహసీలు, గ్రామం ఎంచుకొని ఖాతా సంఖ్య, ప్లాటు సంఖ్య లేదా పట్టాదారు పేరుతో వెతకాలి.

ఆంధ్రప్రదేశ్‌లో 2015లో ప్రారంభమైన ‘మీభూమి’ తెలుగులో ఉంది. భూలేఖ్ పట్టా మాత్రం ఒడియా లిపిలో ఉంటుంది. అందువల్ల ఒడియా రాని తెలుగు కుటుంబాలు, బడిలో ఆ లిపి నేర్చిన పిల్లలచేత పేరు, విస్తీర్ణం, నేల రకం చదివించుకొని సరిచూసుకోవడం శ్రేయస్కరం. తండ్రి పేరులో ఒక్క అక్షరం మారినా వారసత్వం చిక్కులో పడవచ్చు.

వెబ్‌సైటు నుండి తీసిన ప్రతి సమాచారానికే. న్యాయస్థానానికి తహసీలు కార్యాలయపు ధ్రువీకృత నకలు అవసరం. సమాచార హక్కు చట్టం, 2005 ప్రకారం దరఖాస్తును ఒడిశాలో ఒడియా, హిందీ లేదా ఇంగ్లీషులో ఇవ్వాలి. వ్రాయలేనివారు నోటితో చెబితే, దానిని వ్రాతలో పెట్టుటకు అధికారి సహకరించాలి.