దండోరా, రచ్చబండ, మూస: మెయిలింగ్ లిస్టుల కథ

నంద్యాల జిల్లాలోని సంజామల, రేనాటి నల్లరేగడి నేలల నడుమ నున్న మండల కేంద్రము. ఇట్టి ఊళ్ళలో ఒక మాటను పదిమందికి తెలుపుటకు పూర్వము రెండు పద్ధతులుండెడివి. మొదటిది దండోరా. తలారి వీధివీధిని తప్పెట కొట్టి చాటెడివాడు. జనులు వినెడివారు, బదులు చెప్పు పని లేదు. రెండవది రచ్చబండ. ఊరి నడుమ చెట్టు నీడను చేరి ఒకడు మాట ఎత్తగా, కూర్చున్నవారందరు తలకొక మాట కలిపెడివారు. దండోరాకు గొంతు ఒకటి, చెవులు వేయి. రచ్చబండ వద్ద ఎన్ని చెవులో అన్ని గొంతులు.

కంప్యూటర్ల ద్వారా నడచు మెయిలింగ్ లిస్టులు కూడ ముఖ్యముగా ఈ రెండు తెగలే. పట్టికకు ఒక చిరునామా ఉండును. ఆ చిరునామాకు పంపిన జాబు, పట్టికలో చేరిన సభ్యులందరికి అందును. అయితే ఆ పట్టిక దండోరా కావలెనా, రచ్చబండ కావలెనా? ఎవరు చేరవచ్చును? ఎవరు వ్రాయవచ్చును? వ్రాసినది ఎచ్చట దాచవలెను? ఏ లిపిలో దాచవలెను? ఈ ప్రశ్నలకు సమాధానములు పట్టిక పుట్టిననాడే ఒక పత్రములో వ్రాయబడును. ఆ పత్రమునకు మాతృక టెంప్లేటు, అనగా మూస. కంసాలి మూసలో కరగిన లోహమునకు రూపు వచ్చినట్లే, సర్వరుపై నున్న మూసనుండి పట్టికలకు రూపు వచ్చును. తెలుగు వికీపీడియాలో కూడ టెంప్లేటుకు మూస అనియే పేరు.

చేతితో నడచిన పట్టికలు

ఒక కంప్యూటరునుండి మరియొక దానికి జాబు పంపుటకు, పేరుకును యంత్రమునకును నడుమ నేడు మనకు సుపరిచితమైన గుర్తును వాడి, 1971లో రే టామ్లిన్సన్ అను అమెరికను ఇంజనీరు మార్గము చూపెను. అది ఆర్పానెట్టు అను ప్రయోగశాలల వలయముపై జరిగినది. ఒకరికి పంపగలిగినప్పుడు పదిమందికి పంపవలెనను కోరిక పుట్టుట సహజము. 1975 జూనులో స్టీవ్ వాకర్ చొరవతో 'మెసేజ్ గ్రూప్' అను పట్టిక మొదలయినది. ఈ-మెయిలు ఎట్లుండవలెనను విషయమును ఈ-మెయిలులోనే చర్చించుట దాని పని. దానిని కనిపెట్టి నడపిన ఐనార్ స్టెఫరూడ్, సభ్యుల పేర్లను స్వయముగా సరిచూచుకొనుచుండెను. రచ్చబండకు ఒక పెద్దమనిషి కాపు ఉన్నట్లే గదా!

సభ్యులు పెరిగినకొలది ఈ చేతిపని మోయరాని బరువయినది. 1981లో అమెరికా విశ్వవిద్యాలయముల నడుమ బిట్‌నెట్ అను మరియొక వలయము ఏర్పడెను. దాని కేంద్ర కార్యాలయమున 1984 ప్రాంతమున లిస్ట్‌సర్వ్ అను ప్రోగ్రాము వెలసినను, చేరుదుమని కోరినవారి పేర్లను ఎక్కించుటకు ఇంకను మనుష్యులే కావలసివచ్చిరి. వినతులు కుప్పలుగా పేరుకొన్నవి. 1986లో పారిస్‌లో విద్యార్థిగా నున్న ఎరిక్ తోమా ఈ చిక్కును విడదీయుటకు పూనుకొనెను. అతడు వ్రాసిన క్రొత్త లిస్ట్‌సర్వ్‌కు సభ్యుడే ఒక పంక్తి ఆజ్ఞ పంపి చేరవచ్చును, వెడలిపోవచ్చును. నడుమ గుమాస్తా లేడు. 1992లో బ్రెంట్ చాప్‌మన్ వ్రాసిన మేజర్‌డోమో ఇదే పనిని యూనిక్స్ యంత్రములకు ఉచితముగా అందించెను.

గుమాస్తా పోయిన పిమ్మట అతని విచక్షణ ఎచ్చటకు పోవలెను? ఎవరిని చేర్చవలెను, ఎవరిని ఆపవలెను అను నిర్ణయము యంత్రమునకు ముందే చెప్పియుంచవలెను. మూసల ఆవశ్యకత ఇచ్చటనే పుట్టినది.

దస్తావేజు వంటి మూస

రిజిస్ట్రారు కచేరీ ముంగిట కూర్చుండు దస్తావేజు లేఖరిని తలచుకొనుడు. అమ్మకపు దస్తావేజుకు ఒక నమూనా, తనఖాకు ఒకటి, దానమునకు మరియొకటి అతని కడ సిద్ధముగా నుండును. వచ్చినవాని పేరు, సర్వే నంబరు, నాలుగు హద్దులు మాత్రమే క్రొత్తగా నింపును. షరతులు ముందే వ్రాసియుండును. పట్టికల మూస కూడ ఇంతే.

1997లో ఫ్రాన్సు విశ్వవిద్యాలయముల కొరకు వెలువడిన సింపా అను సాఫ్ట్‌వేరులో ఈ పద్ధతి మిక్కిలి స్పష్టముగా కనిపించును. ఫ్రెంచి భాషలో ఆ పేరునకు 'ఇంపైనది' అని అర్థము కలదు. సర్వరుపై 'పట్టికలను సృష్టించు మూసలు' అను ఒక అర, అనగా ఫోల్డరు ఉండును. అందు ఒక్కొక్క తెగకు ఒక్కొక్క చిన్న అర: చర్చా పట్టిక, వార్తాలేఖ, రహస్య పట్టిక, మున్నగునవి. ప్రతి చిన్న అరలో ముఖ్యముగా రెండు పత్రములు. ఒకటి, ఆ తెగ దేనికి పనికివచ్చునో చెప్పు వివరణ. రెండవది, షరతుల పత్రము. రెండవదానిలో పట్టిక పేరు, విషయము, యజమాని చిరునామా ఉండవలసిన తావులలో ఖాళీలు గుర్తుపెట్టబడి యుండును.

పట్టిక కావలసినవాడు తెగను ఎన్నుకొని, ఆ ఖాళీలకు కావలసిన వివరములు ఇచ్చును. సాధారణముగా ఆ వినతి సర్వరు అధికారి కడకు పోవును. అతడు సమ్మతించినంతనే యంత్రము ఖాళీలను పూరించి, ఆ పట్టికకు సొంతమైన షరతుల పత్రమును తయారుచేయును.

నంద్యాలనుండి ఒక ఉదాహరణ

సంజామల, కోయిలకుంట్ల ప్రాంతముల నల్లరేగడిలో శనగ ముఖ్యమైన పంట. నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానము శనగ వంగడములపై పనిచేసి పేరుగాంచినది. యంత్రముతో కోయుటకు అనువుగా నిటారుగా పెరుగు 'ధీర' అచ్చటి వంగడమే. అట్టి ఒక కేంద్రము, శనగ రైతుల కొరకు పట్టికలు నెలకొల్పదలచినదని ఊహించుదము. విత్తు సమయము, తెగుళ్ళ హెచ్చరిక తెలుపుటకు ఒక పట్టిక కావలెను. రైతులు తమలో తాము ముచ్చటించుకొనుటకు మరియొకటి కావలెను.

మొదటిదానికి దండోరా మూస తగును. అందు 'పంపువారు' అను పంక్తియెదుట సంపాదకులు మాత్రమే అని యుండవలెను. బదులు వ్రాసినచో అది పంపినవారికే పోవలెను. చేరుటకు ఎవరికైనను అనుమతి. సభ్యుల చిరునామాలు యజమానికి తప్ప ఇతరులకు కనబడరాదు.

రెండవదానికి రచ్చబండ మూస తగును. సభ్యులందరు పంపవచ్చును, సభ్యులు కానివారి జాబులు యజమాని చూచువరకు ఆగవలెను. జాబు పరిమాణమునకు ఒక హద్దు ఉండవలెను. పాత జాబుల భాండాగారము సభ్యులకు తెరచియుండవలెను. స్వాగత పత్రము తెలుగున ఉండవలెను.

ఈ రెండు మూసలు ఒకసారి సరిగా అమర్చినచో, తరువాత కంది రైతులకో, ప్రత్తి రైతులకో పట్టిక కావలసినపుడు క్రొత్తగా ఆలోచింపవలసిన పని లేదు.

అమర్చునపుడు మూడు మెలకువలు వహింపవలెను. సాఫ్ట్‌వేరుతో వచ్చిన అసలు మూసలను దిద్దరాదు. క్రొత్త కూర్పు వచ్చినపుడు దిద్దుబాట్లు తుడిచిపెట్టుకొనిపోవును. వాని ప్రతిని స్థానికమైన అరలో ఉంచి దిద్దవలెను. సింపా మొదట ఆ డొమైనుకు చెందిన అరలో వెదకును. లేనిచో సర్వరంతటికి చెందిన అరలో వెదకును. అచ్చటను లేనిచో అసలు మూసను తీసికొనును. ఇంటి మాట ముందు, ఊరి మాట తరువాత, లోకపు మాట చివర అన్నమాట. రెండవది, మూసను దిద్దినంత మాత్రమున అంతకుముందు పుట్టిన పట్టికలు మారవు. పోతపోసిన పిమ్మట మూసను చెక్కిన ప్రయోజనమేమి? ఆ పాత పట్టికలను ఒక్కొక్కటిగా సరిదిద్దవలెను. మూడవది, ఏ మూసను ఎవరు వాడవచ్చునో కూడ ముందే నిర్ణయింపవలెను.

తప్పెట అందరి చేతికి ఇచ్చినచో

ఒక్క పంక్తి తప్పినచో ఏమగును? వేయిమంది గల దండోరా పట్టికలో పొరపాటున అందరికి పంపు హక్కు, బదులు అందరికి పోవు ఏర్పాటు ఉన్నవనుకొందము. ఒకడు 'నా పేరు తీసివేయుడు' అని వ్రాయును. అది వేయిమందికి పోవును. వారందరు అదే మాట వ్రాసినచో, వేయి జాబులు వేయిమందికి. అనగా పది లక్షలు.

ఇది ఊహ మాత్రమే కాదు. 1997 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ సంస్థలో సుమారు 13,000 మంది గల ఒక లోపలి పట్టికపై ఇదే జరిగినది. తన పేరేల ఇందున్నదని ఒకరు అడుగగా, 'నాది కూడ తీసివేయుడు' అని వందలమంది అందరికి వ్రాసిరి. 'అందరికి వ్రాయకుడు' అని మందలించినవారు సైతము అందరికే వ్రాసిరి. సుమారు ఒకటిన్నర కోట్ల జాబులు పుట్టి, తపాలా యంత్రములు కుప్పకూలినవి.

తెలుగువారి రచ్చబండలు

భారతదేశమున విద్యాసంస్థలను కలుపు ఎర్నెట్ 1986లో ప్రారంభమైనది. సామాన్య ప్రజలకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న వి.ఎస్.ఎన్.ఎల్. ద్వారా వచ్చినది. అంతకుముందే అమెరికా విశ్వవిద్యాలయములలోని తెలుగు విద్యార్థులకు ఈ-మెయిలు చేతిలో నుండెను. కాని తెలుగు అక్షరములు లేవు. నాటి యంత్రములు వాడిన ఆస్కీ సంకేతములు 128 మాత్రమే. అవి ఇంగ్లీషు అక్షరములకు, అంకెలకు, విరామచిహ్నములకు సరిపోయెను.

ఈ లోటును పూరించుటకు హ్యూస్టన్ నగరములోని రైస్ విశ్వవిద్యాలయమున కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్‌లు తెలుగును రోమను అక్షరములలో వ్రాయు ఒక పద్ధతిని కల్పించిరి. దానికి ఆర్.టి.ఎస్. అని పేరు. పెద్ద అక్షరము, చిన్న అక్షరము అను భేదముతో హ్రస్వ దీర్ఘములు, త ట లు వేరుపడును. 1990 దశకమున తెలుగువారి చర్చలనేకము ఈ వేషముననే సాగినవి. 1998లో 'ఈమాట' అను జాలపత్రిక వెలసినది. తరువాత యాహూ గ్రూప్స్‌లో నడచిన ఒక పట్టిక, తెలుగు భాషా సాహిత్యములపై చర్చకు పేరొందినది. దానికి పెట్టిన పేరు 'రచ్చబండ'! సముద్రములు దాటిపోయినవారు ఊరి బండను మరువలేదు.

1991లో వెలువడిన యూనికోడ్ తొలికూర్పులోనే తెలుగుకు 128 స్థానములు గల ఒక గడి లభించెను. ఇక అక్షరముల చిక్కు తీరినదనుకొనవచ్చును. కాని మూసల చిక్కు తీరలేదు. నాడు బహుళముగా వ్యాపించిన మెయిల్‌మన్ అను సాఫ్ట్‌వేరు 2.1వ కూర్పు 2002 చివర వెలువడెను. అందు ప్రతి భాషకు ఒక అక్షరసంకేతము జతపరచి యుండెను. ఇంగ్లీషుకు జతపరచినది ఆస్కీ. సర్వరుపై మరియొక మార్పు చేయనిచో పట్టిక భాష ఇంగ్లీషే. అట్టి పట్టికకు తెలుగున జాబు వ్రాసినచో, సభ్యులకు అది చక్కగా అందవచ్చును. కాని భాండాగారమున దాచునపుడు యంత్రము ఆస్కీలో ఇమడని ప్రతి సంకేతమునకు బదులు ఒక ప్రశ్నార్థక చిహ్నము పెట్టును. 'తెలుగు' అను మాటలో మూడు హల్లులు, మూడు అచ్చుల గుర్తులు, వెరసి ఆరు సంకేతములు. భాండాగారమున మిగులునది ఆరు ప్రశ్నార్థకములు!

మందు ఒక్క పంక్తి. సర్వరు అమరికలో ఇంగ్లీషుకెదురుగా ఆస్కీకి మారుగా యు.టి.ఎఫ్.-8 అని వ్రాసిన చాలును. ఆ పంక్తి తెలిసిన అధికారి గల సర్వరుపై తెలుగు తెలుగుగా నిలిచినది. తెలియని చోట తరువాతివారికి చదువ వీలులేక పోయినది.

దాచినదెవరు, దాచినదెచ్చట?

మెయిల్‌మన్ పుట్టుకలోనే ఒక పాఠము కలదు. దాని తొలిరూపమును వ్రాసిన జాన్ వీగా తన డిస్కు చెడిపోవుటచే ప్రోగ్రాము మూలప్రతిని పోగొట్టుకొనెను. అదృష్టవశమున మరియొకచోట ప్రతి యుండుటచే కెన్ మాన్‌హైమర్, పిమ్మట బారీ వార్సా దానిని కొనసాగించిరి. మరియొక ప్రతి లేనిచో మెయిల్‌మన్ ఉండెడిదే కాదు.

యాహూ గ్రూప్స్ విషయమున ఇదే ప్రశ్న వేలాది పట్టికలకు ఎదురైనది. యాహూ 2000లో ఈగ్రూప్స్ అను సంస్థను కొని ఆ సేవను విస్తరింపజేసెను. ఉచితము, సులభము, మూసను అమర్చు శ్రమ లేదు. 2019 అక్టోబరులో ఆ సంస్థ నిల్వలను తొలగింతుమని ప్రకటించెను. గడువు 2020 జనవరి చివరి వరకు పొడిగింపబడెను. 2020 డిసెంబరు 15న సేవయే మూతపడినది. గడువులోపల ప్రతులు దింపుకొన్నవారికి జాబులు దక్కినవి. ఎవరును దింపుకొనని పట్టికల మాటలు పోయినవి.

రచ్చబండపై ఆడిన మాటలు గాలిలో కలసిపోవుట మన పెద్దలకు తెలియని విషయము కాదు. కాని ఉత్తరముల రచ్చబండకు జ్ఞాపకశక్తి కలదు. ఒక భాషవారు ఒక తరములో ఏమి తర్కించుకొనిరో అది అక్షరములలో నిలుపగలదు. అందుచే కళాశాలయైనను, రైతు సంఘమైనను, సాహిత్య బృందమైనను తెలుగు పట్టికను నెలకొల్పునపుడు మూసలో మూడు పంక్తులను స్వయముగా చదివి చూచుకొనవలెను: వ్రాయు హక్కు ఎవరిది, అక్షరసంకేతము ఏది, భాండాగారమునకు రెండవ ప్రతి ఎచ్చట నున్నది. ఈ మూడింటిని చదువుటకు పట్టు కాలము ఒక పూట కూడ కాదు.